పగలు బ్రేకు తొక్కితే డ్యాష్‌బోర్డు వెలిగింది: పాత కారు లైట్ల రిపేరు డైరీ

కారు 2007 మోడల్, చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఆ వయసు కార్లు ఏవైనా ఇంచుమించు ఇదే పాట పాడతాయి. మేముండేది విశాఖలో, సముద్రానికి కిలోమీటరున్నర దూరంలో, ఇక్కడ ఇనుము సంగతి తెలిసిందే కదా.

పని మొదలుపెట్టేనాటికి ఉన్న జబ్బులు:

1. హెడ్‌లైట్లు రెండూ గుడ్డివి. లో బీమ్ (దగ్గరి రోడ్డు మీదికి దించిన లైటు) వేస్తే రోడ్డు మీద పసుపు నీళ్లు చల్లినట్టు ఉంటుంది, అంతే.
2. మీటర్ల ఎడమ సగం చీకటి. స్పీడు 60 దాటాకే ముల్లు కనిపిస్తుంది, అంతవరకూ అంచనాయే.
3. పట్టపగలు లైట్లన్నీ ఆపి ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే డ్యాష్‌బోర్డు వెనక దీపాలు వెలుగుతాయి. కాలు తీస్తే ఆరిపోతాయి.
4. రాత్రిపూట వెనక వచ్చేవాళ్లు ఊరికే హారన్ కొడతారు. దీనికీ నా కారుకీ సంబంధం ఉందని అప్పటికి తెలియదు.
5. హెడ్‌లైటు అద్దాలు (అద్దాలు అంటున్నాం గానీ ప్లాస్టికే) పచ్చబడిపోయాయి.

ఈ డైరీకి ముందే 2,500 రూపాయలు తగలేశాను. 700 పెట్టి 'ఎక్స్‌ట్రా వైట్' బల్బుల జత, అవి మామూలువాటి కంటే ఇంకా మసక. తర్వాత 1,800 పెట్టి ఎల్‌ఈడీ కిట్. అది వేసినప్పుడు గోడ మీద తెల్లగా బ్రహ్మాండంగా కనిపించింది, రోడ్డు మీద మాత్రం వెలుతురంతా ఎదుటివాళ్ల కళ్లలోకీ చెట్ల కొమ్మల్లోకీ పోయింది. ఆ రిఫ్లెక్టరు గిన్నె లోపలి వంపులన్నీ హెచ్4 (హై, లో బీమ్‌లు రెండూ ఇచ్చే హెడ్‌లైటు బల్బు రకం) ఫిలమెంటు ఎక్కడుంటుందో లెక్కగట్టి చేసినవి, ఎల్‌ఈడీ చిప్పు సరిగ్గా అక్కడ కూర్చోకపోతే వెలుతురు ఎటు పడితే అటు పోతుంది. రెండు రాత్రులు ఎదురు లారీల డిప్పర్లు తిని తీసేశాను. అయినా ఇంకో బల్బు కొందామనే చూస్తున్నాను. అంతలో శ్రీకాకుళం నుంచి రాత్రి వస్తుంటే పక్క సీట్లో మామయ్యగారు, "అల్లుడుగారూ, లైట్లు వేశారా, వేద్దామనుకుంటున్నారా?" అన్నారు. మర్నాడు బల్బు కొనలేదు, మల్టీమీటరు (వోల్టులు, ఓమ్‌లు కొలిచేది) కొన్నాను.

లెక్క: ఖర్చు 2,500. గంటలు 0 (ముందు పోయిన గంటలు రాయడానికి సిగ్గుగా ఉంది).

దశ 1: కొలతలు

బల్బు హెచ్4, 60/55 వాట్లు, అంటే హై బీమ్ 60, లో బీమ్ 55. మొదట చేసిన తప్పు ఓమ్స్‌లో కొలవడం. ఇంజను ఆపి, బల్బు పీకి, వైరు ఈ చివర నుంచి ఆ చివరకు మీటరు పెడితే 0.4 ఓమ్ చూపించింది. మీటరు ప్రోబులు (కొలిచే మొనలు) రెండూ ఒకదానికొకటి తాకించినా 0.3 చూపిస్తోంది. అంటే వైరు 0.1 ఓమో, 0.2 ఓమో ఈ మీటరు చెప్పలేదు. పది ఆంపియర్లు పారే చోట 0.1 ఓమ్ అంటే ఒక వోల్టు హారతి. ఒక గంట ఇలాగే పోయింది.

పనికొచ్చే పద్ధతి ఇది, లైటు వెలుగుతుండగా వోల్టులు ఎక్కడ పోతున్నాయో చూడటం:

1. ఇంజను ఐడిల్‌లో, ఏసీ ఆపి, లో బీమ్ వేయాలి.
2. బ్యాటరీ రెండు కొసల మధ్య వోల్టేజి రాసుకోవాలి.
3. బల్బు ప్లగ్గు తీయకూడదు. వెనక నుంచి వైరు పక్కన గుండుసూది దూర్చి, దాని మీద ప్రోబు పెట్టాలి.
4. బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు ప్లస్ పిన్నుకు ఎంత చూపిస్తే అంత ప్లస్ దారిలో పోయినట్టు.
5. బల్బు మైనస్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్‌కు ఎంత చూపిస్తే అంత మైనస్ దారిలో పోయినట్టు.

గుండుసూదులు రెండు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. ఒకసారి తగిలి మెరిసింది, ఫ్యూజు పోలేదు గానీ నా గుండె ఆగినంత పనైంది.

నోటుబుక్కులో రాసుకున్నవి:

బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు.
ఎడమ బల్బు: ప్లస్ వైపు నష్టం 0.5, మైనస్ వైపు 2.1. బల్బుకు దక్కింది 11.3.
కుడి బల్బు: ప్లస్ వైపు 0.4, మైనస్ వైపు 2.0. దక్కింది 11.5.

హాలోజన్ బల్బు వెలుతురు వోల్టేజితో సమానంగా తగ్గదు, దాదాపు 3.4వ ఘాతంలో పడిపోతుంది. ఈ బల్బుల వెలుతురును 13.2 వోల్టుల దగ్గర కొలిచి చెబుతారు. 11.3ని 13.2తో భాగించి 3.4వ ఘాతం వేస్తే 0.59. అంటే నేను ఎంత ఖరీదు బల్బు తెచ్చి పెట్టినా దాని వెలుతురులో నూటికి నలభై వైర్లలోనే కాలిపోతోంది.

ఇంకో మాట కూడా రాసుకున్నాను, అప్పుడు అర్థం కాలేదు. లో బీమ్ వెలుగుతున్నప్పుడు ప్లగ్గులో మూడో పిన్ను, అంటే హై బీమ్‌ది, ఖాళీగా ఉండాలి కదా. అక్కడా 13 పైనే చూపించింది. చవక మీటరు, బుద్ధి లేదు అని తిట్టుకుని పక్కన 'చెత్త రీడింగ్' అని రాశాను. ఆ చెత్త రీడింగే నాకు తర్వాత రెండు గంటలు మిగిల్చి ఉండేది.

లెక్క: మీటరు 450. మొత్తం 2,950. గంటలు 1.5.

దశ 2: ఎర్త్‌లు

మైనస్ వైపే ఎక్కువ పోతోంది కాబట్టి ఎర్త్ (కారు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి పోయే దారి) చెడిందని తేల్చుకున్నాను. సగమే నిజం అది.

మూడు చోట్ల ఎర్త్ బోల్టులు దొరికాయి. ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి వచ్చే లావు వైరుది, బ్యాటరీ ట్రే కింద. రెండోది ఎడమ హెడ్‌లైటు వెనక. మూడోది లోపల, డ్రైవరు కాళ్ల దగ్గర పక్క ప్లాస్టిక్ తీస్తే కనిపిస్తుంది. మొదటిది చూడాల్సిందే: 10 నంబరు బోల్టు, దాని చుట్టూ పచ్చటి పొడి, గోరుతో గీకితే పెచ్చులుగా ఊడింది, లగ్గు (వైరు చివరి లోహపు కన్ను) కింద పెయింటు ఉబ్బి దాని కింద ఎర్రటి తుప్పు. పానా వేసి పావు తిప్పు తిప్పగానే బోల్టు తల ఊడి చేతిలోకొచ్చింది. డ్రిల్లు లేదు. ఆ పక్కన నాలుగంగుళాల దూరంలో ఖాళీ బోల్టు రంధ్రం ఉంటే అక్కడికి మార్చాను.

1. ముందు బ్యాటరీ మైనస్ తీయాలి. ఇది మర్చిపోయి పానా పెట్టొద్దు.
2. లగ్గు రెండు వైపులా, బాడీ మీద లగ్గు కూర్చునే చోటా 120 నంబరు గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాలి.
3. బోల్టు బిగించాక పైన వాసెలిన్ పూయాలి. ముందు పూసి తర్వాత బిగించే వాళ్లూ ఉన్నారు, నేను తర్వాతే పూశాను.

మళ్లీ కొలిస్తే ఎడమ మైనస్ నష్టం 2.1 నుంచి 1.5కి దిగింది, కుడిది 2.0 నుంచి 1.4కి. బల్బులకు 11.9, 12.1. లెక్క ప్రకారం ఎడమ లైటు 59 నుంచి 70 శాతానికి వచ్చింది. కంటికి తేడా తెలిసింది, అలాగని ఎగిరి గంతేసేంత కాదు. ఎర్త్‌లు మూడూ తళతళలాడుతుంటే ఇంకా 1.5 వోల్టులు ఎక్కడ పోతున్నాయో అర్థం కాలేదు. ఆ వారానికి వదిలేశాను.

లెక్క: గరుకు కాగితం, లగ్గులు 50. మొత్తం 3,000. గంటలు 3.5.

దశ 3: బ్రేకు, డ్యాష్‌బోర్డు వింత

దీన్ని ఇద్దరు ఎలక్ట్రీషియన్లకు చూపించాను. ఒకాయన "లోపల షార్ట్ ఉంది బాబూ, వైరింగ్ మొత్తం మార్చాలి, పన్నెండు వేలవుతుంది" అన్నాడు. ఇంకొకాయన నవ్వి, "వెలిగితే మంచిదే కదా సార్" అన్నాడు. అసలు సంగతి ముప్పై రూపాయల బల్బు.

వెనక లైటులో బ్రేకుకీ, రాత్రి వెలిగే చిన్న లైటుకీ కలిపి ఒకటే బల్బు ఉంటుంది, 21/5 వాట్లది. లోపల రెండు ఫిలమెంట్లు, అడుగున రెండు బొడిపెలు. పక్కనున్న పిన్నులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, తిరగేసి పెట్టకూడదని ఒకటి పైకి ఒకటి కిందికి పెడతారు. ఇండికేటరు, రివర్స్ లాంటివాటికి వాడే 21 వాట్ల బల్బుకు ఫిలమెంటు ఒకటే, అడుగున బొడిపె ఒకటే, మధ్యలో. పిన్నులు రెండూ ఒకే ఎత్తు.

కుడి వైపు బల్బు తీయబోతే రాలేదు. గుడ్డ చుట్టి గట్టిగా నొక్కి తిప్పితే కిర్రుమని వచ్చింది. చూస్తే ఒక్క బొడిపెది! గతంలో ఏదో షెడ్డులో చేతికందిన బల్బు బలవంతంగా నొక్కేశారు, హోల్డరు గాడి కూడా ఒక పక్క వంగిపోయి ఉంది. ఆ మధ్య బొడిపె హోల్డరులోని రెండు కాంటాక్టుల మీదా పడి రెంటినీ కలిపేసింది. బ్రేకు లైను, రాత్రి లైట్ల లైను ఒకటైపోయాయి. డ్యాష్‌బోర్డు వెనక దీపాలకు కరెంటు వచ్చేది రాత్రి లైట్ల లైను నుంచే, అందుకే పగలు బ్రేకు తొక్కితే కరెంటు వెనకనుంచి నడిచొచ్చి మీటర్లు వెలిగించింది.

దీనికి అటువైపు కథ ఇంకా ఘోరం. రాత్రి లైట్లు వేయగానే అదే దారిలో కరెంటు బ్రేకు లైన్లోకి పోయి, బ్రేకు తొక్కకుండానే బ్రేకు లైట్లన్నీ వెలిగి కూర్చున్నాయి. ఎన్ని నెలలు అలా తిరిగానో. వెనకవాళ్ల హారన్లకు అర్థం అదన్నమాట. నేనేమో అద్దంలో చూసి వాళ్లను విసుక్కున్నాను.

మీ కారులో ఇలా అయితే చూడాల్సిన వరస:

1. చీకట్లో కారును గోడకు వెనక్కి ఆనించి, లైట్లు వేసి, బ్రేకు తొక్కకుండా గోడ మీద ఎరుపు చూడండి. తొక్కాక ఎరుపు పెరగాలి. పెరగకపోతే లైన్లు కలిసిపోయి ఉండొచ్చు.
2. వెనక రెండు బల్బులూ తీసి బ్రేకు తొక్కండి. డ్యాష్‌బోర్డు వెలగడం ఆగిపోతే తప్పు బల్బులోనో హోల్డరులోనో ఉంది.
3. బల్బు సరైనదే అయితే లోపల తెగిన ఫిలమెంటు వంగి రెండోదానికి అతుక్కుందేమో వెలుతురుకు పట్టి చూడండి. అదీ ఇదే పని చేస్తుంది.

వంగిన గాడిని సన్న ప్లయర్‌తో సరిచేసి కొత్త 21/5 బల్బులు రెండు వైపులా వేశాను. ఆశ్చర్యం ఏమిటంటే, లైట్లు వేసినప్పుడు డ్యాష్‌బోర్డు దీపాల దగ్గర వోల్టేజి 10.4 నుంచి 12.3కి పెరిగింది. అన్ని బ్రేకు బల్బుల బరువూ ఆ సన్న లైను మీద పడి ఉండేది మరి. వైరింగ్ మొత్తం మార్చాలన్న పన్నెండు వేలు మిగిలాయి, ఈ లెక్కలో వాటిని కలపడానికి మనసొప్పడం లేదు.

లెక్క: బల్బులు 60. మొత్తం 3,060. గంటలు 5.

దశ 4: మీటర్ల బోర్డు, మూడుసార్లు విప్పాను

వోల్టేజి పెరిగినా ఎడమ సగం చీకటి అలాగే ఉంది, కాబట్టి విప్పక తప్పలేదు. నా కారులో చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌కు పైన రెండు స్క్రూలు, బోర్డుకు నాలుగు, వెనక స్పీడోమీటర్ కేబుల్ ఒకటి. కేబుల్ క్లిప్పు వేలితో నొక్కితే వస్తుంది, లాగితే రాదు. ఈ వాక్యం రాయడానికి పట్టిన దానికంటే ఆ క్లిప్పుకు ఎక్కువసేపు పట్టింది.

వెనక పల్చటి ప్లాస్టిక్ రేకు మీద రాగి గీతలుంటాయి, బల్బులు చిన్న హోల్డర్లలో పావు తిప్పుతో కూర్చుంటాయి. బల్బులు టీ10 అనే పిన్ను లేని రకం, 3.4 వాట్లు. వెలుతురు కోసం నాలుగు, మిగతావి హెచ్చరిక దీపాలకు. ఎడమ వైపు రెండూ లోపల నల్లగా మాడిపోయాయి.

మొదటిసారి: తెల్ల ఎల్‌ఈడీలు ఆరు వేశాను. నాలుగు వెలుతురుకు, మిగిలినవి ఎలాగూ ఉన్నాయి కదా అని ఒకటి బ్యాటరీ దీపానికి, ఒకటి ఆయిల్ దీపానికి. బిగించి చూస్తే రెండు వెలగలేదు. ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ తేడా ఉంటుంది, తిరగేసి పెట్టాలి. మళ్లీ విప్పడం.

రెండోసారి: అన్నీ వెలిగాయి, కానీ అంకెల వెనక వెలుతురు నాలుగు చుక్కలుగా పడింది, మధ్యలో నీడలు. డయల్ వెనక ఆకుపచ్చ పొర ఉండటం వల్ల రంగు ఆసుపత్రి గోడలా తయారైంది. వెలుతురు తగ్గించే చక్రం తిప్పితే సగం దూరం ఏమీ మారదు, తర్వాత టక్కున ఆరిపోతుంది. సర్లే అలవాటవుతుంది అనుకుని వదిలేశాను.

మర్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్తుంటే హారన్ గొంతు నీరసంగా ఉంది. ఆగి మీటరు పెట్టాను: ఇంజను నడుస్తోంది, బ్యాటరీ దగ్గర 12.3. ఛార్జింగ్ లేదు! యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఒక్కసారిగా 13.9కి ఎగిరింది, అక్కడినుంచి బాగానే ఉంది. ఇంజను ఆపి మళ్లీ వేస్తే మళ్లీ 12.3. ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి బ్యాటరీని ఛార్జి చేసేది) పోయిందని సగం దూరం దిగులుపడ్డాక గుర్తొచ్చింది, నిన్న నేను ముట్టుకున్నది ఏమిటని. ఇలాంటి కార్లలో ఆల్టర్నేటర్ లోపలి తీగచుట్టకు మొదటి కరెంటు ఆ బ్యాటరీ దీపం గుండానే వెళ్తుంది. 3.4 వాట్ల బల్బు అయితే పావు ఆంపియరుకు పైన ఇస్తుంది, అది చాలు అయస్కాంతం మేల్కొనడానికి. నేను పెట్టిన ఎల్‌ఈడీ అందులో పదో వంతు కూడా వదలదు. స్పీడు పెంచితే లోపల మిగిలిన కొద్దిపాటి అయస్కాంతంతో తనంతట తనే లేస్తోంది.

మూడోసారి: అన్నీ పీకి మామూలు 3.4 వాట్ల బల్బులే ఆరు వేశాను. ఈ తొందరలో ఒక హోల్డరును అడ్డంగా తిప్పి రాగి గీత ఒకటి చీల్చాను. దాన్ని సోల్డరింగ్‌తో అతుకుదామని వేడి సోల్డరింగ్ కడ్డీ ఆనిస్తే ప్లాస్టిక్ రేకు ముడుచుకుపోయి, అరంగుళం చిరుగు అంగుళమైంది. చివరికి రెండు పక్కల హోల్డర్ల కాళ్లకు సన్న వైరు ముక్క కట్టి దాటించాను. చూడ్డానికి బాగోదు, ఎవరూ చూడరు.

ఇప్పుడు వెలుతురు అంతటా సమానంగా ఉంది, చక్రం తిప్పితే మెల్లగా తగ్గుతోంది, ఐడిల్‌లో ఛార్జింగ్ 14.1. డ్యాష్‌బోర్డుకు ఎల్‌ఈడీ వేసి ఏదో కరెంటు మిగుల్చుతామనే మాట నాకు ఇప్పుడు నవ్వు తెప్పిస్తుంది.

లెక్క: ఎల్‌ఈడీలు 240 (వృథా), బల్బులు 90. మొత్తం 3,390. గంటలు 10.5.

దశ 5: రిలేలు

మైనస్ వైపు మిగిలిన 1.5 వోల్టుల దగ్గరికి మళ్లీ వచ్చాను. ఎక్కడ పోతున్నాయో తెలియకపోయినా మందు తెలుసు: బ్యాటరీ నుంచి లావు వైరుతో నేరుగా బల్బులకు కరెంటు ఇచ్చి, పాత వైరింగ్‌ను రిలేకు (చిన్న కరెంటు అందితే పెద్ద కరెంటును కలిపే స్విచ్) సైగ చేయడానికి మాత్రమే వాడటం. సామాన్లు కొంటుంటే షాపాయన, "ఇంత తంటా ఎందుకు సార్, 100/90 బల్బులు వేసేయండి" అన్నాడు. పాత వైర్ల మీద అవి వేస్తే కరెంటు పెరుగుతుంది, దాంతోపాటు వైర్లలో నష్టమూ పెరుగుతుంది, హోల్డరు కరుగుతుంది. నా ఎడమ హోల్డరు 55 వాట్లకే బెల్లం రంగుకు తిరిగింది.

సామాన్లు:

1. 30 ఆంపియర్ల రిలేలు 2, సాకెట్లతో: 440
2. పింగాణీ హెచ్4 హోల్డర్లు 2, పాత ప్లగ్గులో దూర్చే మగ ప్లగ్గు 1: 250
3. 2.5 చదరపు మి.మీ. వైరు 6 మీటర్లు: 270
4. ఫ్యూజు హోల్డర్లు 2, 15 ఆంపియర్ల ఫ్యూజులతో: 100
5. లగ్గులు, స్లీవు: 60
6. మామూలు 60/55 బల్బులు 2: 380

రిలేకు నాలుగు కాళ్లు. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా కరెంటు. 87 నుంచి బల్బుకు. 85, 86 లోపలి కాయిల్‌వి. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి. అందరూ గీసే బొమ్మ ప్రకారం 86కి పాత ప్లగ్గులోని లో (లేదా హై) పిన్ను, 85కి బాడీ ఎర్త్ కలిపాను. ఫ్యూజులు బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాను, ఎందుకంటే ఆ తర్వాత వైరు ఎక్కడ ఒరుసుకున్నా ముందు పోవాల్సింది ఫ్యూజే.

స్విచ్ వేశాను. చడీచప్పుడు లేదు. టిక్ అనలేదు ఏదీ.

రిలేలు మార్చి చూశాను. ఫ్యూజులు చూశాను. క్రింపులు (వైరుకు నొక్కి బిగించిన లగ్గులు) లాగి చూశాను. కాయిల్‌కు విడిగా బ్యాటరీ నుంచి రెండు వైర్లు ఇస్తే టిక్ అంటుంది, ప్లగ్గు నుంచి ఇస్తే అనదు. రెండు గంటలయ్యాక పాత ప్లగ్గును ఖాళీగా పట్టుకుని, లో బీమ్ వేసి, మూడు పిన్నులూ ఓపిగ్గా కొలిచాను:

ఉమ్మడి పిన్ను (రెండు ఫిలమెంట్లకూ కలిసినది) నుంచి బ్యాటరీ మైనస్‌కు: 12.5
లో పిన్ను నుంచి బ్యాటరీ మైనస్‌కు: 0
లో పిన్ను నుంచి బ్యాటరీ ప్లస్‌కు: 12.5

అంటే ఎర్త్ అనుకున్న ఉమ్మడి పిన్ను ప్లస్! నా కారులో స్విచ్ ఉన్నది మైనస్ వైపు. బల్బుకు ప్లస్ నేరుగా వస్తుంది, స్టీరింగ్ దగ్గరి లైట్ల స్విచ్ కాడ లో పిన్నునో హై పిన్నునో ఎర్త్‌కు కలుపుతుంది. జపాన్ డిజైన్ల నుంచి వచ్చిన కార్లలో ఇలా ఉండటం కొత్తేమీ కాదు. మొదటి ఆదివారం నోటుబుక్కులో 'చెత్త రీడింగ్' అని రాసింది ఇదే: హై పిన్ను ఎటూ కలవక గాల్లో ఉంది కాబట్టి ఫిలమెంటు గుండా ఉమ్మడి ప్లస్‌ను చూపించింది. మీటరుకు బుద్ధి ఉంది, నాకే లేదు. ఆ మిగిలిన 1.5 వోల్టులు పోయేది కూడా ఆ కాడ లోపలి కాంటాక్టుల్లోనే. రెండు బల్బుల కరెంటు పది ఆంపియర్లు, 1.5 వోల్టులు, అంటే పదిహేను వాట్ల వేడి వేలెడంత ప్లాస్టిక్‌లో. రాత్రి ప్రయాణాల్లో ఆ కాడ మొదలు గోరువెచ్చగా ఎందుకుంటుందో అప్పుడు తెలిసింది.

మార్పు ఒకటే వైరు. 85లు రెండింటినీ బాడీ ఎర్త్ నుంచి తీసి పాత ప్లగ్గులోని ఉమ్మడి పిన్నుకు కలిపాను. స్విచ్ వేయగానే టిక్. ఒక జాగ్రత్త: కొన్ని రిలేల లోపల డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) ఉంటుంది, వాటికి 86 ప్లస్‌గా ఉండాలి, అవి కొంటే 85, 86 తారుమారు చేసుకోవాలి. నావి డయోడు లేనివి, ఎటైనా ఒకటే.

మీరు చేస్తుంటే కొత్త బల్బుల వైపు బొమ్మలో ఉన్నట్టే, ఉమ్మడి పిన్ను ఎర్త్‌కు, మిగతా రెండూ 87లకు. పాత ప్లగ్గు వైపు మాత్రం వైరు రంగు చూసి నమ్మొద్దు, కొలవండి. రెండో వైపు పాత ప్లగ్గుకు టేపు చుట్టి కట్టేశాను.

కొత్త కొలతలు: బ్యాటరీ 13.8. ఎడమ ప్లస్ నష్టం 0.2, మైనస్ 0.1, బల్బుకు 13.5. కుడి ప్లస్ 0.3, మైనస్ 0.1, బల్బుకు 13.4. ఎడమ లైటు 59 నుంచి 108 శాతానికి వచ్చింది. 13.2 దాటింది కాబట్టి బల్బు ఆయుష్షు కొంత తగ్గుతుంది, 190 రూపాయల బల్బు, పరవాలేదు.

మళ్లీ చేస్తే ఒకటి మారుస్తాను: లో బీమ్ రెండింటికీ ఒకే ఫ్యూజు పెట్టాను, అది పోతే రెండు కళ్లూ ఒకేసారి పోతాయి. ఎడమ, కుడి విడిగా పెట్టాల్సింది. ప్రస్తుతానికి డ్యాష్‌బోర్డు అరలో రెండు ఫ్యూజులు పడేశాను.

లెక్క: 1,500. మొత్తం 4,890. గంటలు 17.5.

దశ 6: పచ్చబడ్డ అద్దాలు

టూత్‌పేస్టుతో రుద్దడం గతంలో చేశాను, మెరిసింది, మూడు నెలల్లో మళ్లీ పచ్చబడింది. ప్లాస్టిక్ మీద ఎండను ఆపే పూత ఒకటి ఉంటుంది, పాడయ్యేది అదే. రుద్దితే అది పూర్తిగా పోతుంది, దాని బదులు కొత్త పూత వేయకపోతే పని దండగ.

1. చుట్టూ పెయింటు మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు.
2. నీళ్లు పోస్తూ 800, 1500, 2000, 3000 నంబరు కాగితాలు. ప్రతిసారీ ముందు గీసిన దిక్కుకు అడ్డంగా.
3. మొదట్లో కారే నీళ్లు పసుపు పచ్చగా ఉంటాయి. తెల్లగా మారేదాకా 800 వదలొద్దు. కుడి వైపు నేను తొందరపడ్డాను, మూల ఒకటి ఇంకా పచ్చగానే ఉంది.
4. కాంపౌండుతో పాలిష్, తర్వాత స్పిరిట్‌తో తుడిచి యూవీ క్లియర్ కోటు పల్చగా రెండుసార్లు.

ఎడమవైపు రెండో కోటు లావుగా కొట్టి ఒక ధార కారింది. మళ్లీ 2000తో రుద్ది మొదటికొచ్చాను. సముద్రపు గాలి లేని పూట చూసుకోండి, నా క్లియర్ కోటులో ఒక దోమ శాశ్వతంగా ఉండిపోయింది.

లెక్క: 840. మొత్తం 5,730. గంటలు 21.5.

దశ 7: గురి

వెలుతురు పెరిగింది కాబట్టి మొదటి రాత్రే ఎదురు కార్లు డిప్పర్ కొట్టాయి. ఈసారి తప్పు బల్బుది కాదు, గురిది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వ నిబంధన ఎదుటివాళ్ల కళ్లలో లైటు పడకూడదనే చెబుతుంది, అయినా నిబంధన దాకా ఎందుకు, వాళ్లకు కనిపించకపోతే మన మీదికే వస్తారు.

అపార్ట్‌మెంటు సెల్లార్‌లో గోడకు 5 మీటర్ల దూరంలో, నేల సమంగా ఉన్న చోట, టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీట్లో మా అబ్బాయిని కూర్చోబెట్టి చేశాను. బల్బు మధ్య నేల నుంచి ఎంత ఎత్తుందో గోడ మీద అంత ఎత్తులో టేపు, దానికి 5 సెంటీమీటర్లు కింద ఇంకో టేపు. లో బీమ్ పై అంచు కింది టేపు మీద పడాలి, అంటే నూటికి ఒక వంతు వాలు. మనం ఎడమవైపు నడిపేవాళ్లం కాబట్టి అంచు ఎడమ పక్కన కాస్త పైకి లేస్తుంది, అది తప్పు కాదు, దాన్ని దించొద్దు. నా కుడి లైటు గీత కంటే 9 సెంటీమీటర్లు పైన ఉంది. వెనక స్క్రూ పదకొండు చుట్లు తిప్పితే దిగింది.

లెక్క: ఖర్చు 0. మొత్తం 5,730, అందులో వృథా 2,740. గంటలు 22.5.

మిగిలినవి

కుడి లైటు లోపల వాన పడితే ఆవిరి పడుతోంది, వెనక రబ్బరు మూత చిరిగింది, పాత సామాన్ల షాపులో వెతుకుతున్నాను. నెల తర్వాత మళ్లీ కొలిచాను: ఎడమ 13.5, కుడి 13.3. ఆ 0.1 ఎక్కడ పోయిందో చూడాలి, బహుశా క్రింపు ఒకటి.

పోయిన శనివారం మామయ్యగారితో మళ్లీ శ్రీకాకుళం వెళ్లి రాత్రి వచ్చాం. హెడ్‌లైట్ల ఊసెత్తలేదు. ఏసీ మీటల దగ్గర చీకటిగా ఉందన్నారు. అక్కడి బల్బు మార్చాలంటే రేడియో విప్పాలి.